ఫ్యాన్ బెల్టు కూత: దసరా సెలవుల పని డైరీ

ఎంగిలిపూల బతుకమ్మ

బడికి సెలవులిచ్చిండ్రు. దసరా దాటిన నాలుగో రోజు అమ్మను కంటి చెకప్‌కు హైదరాబాద్ తీసుకపోవాలె. నల్లగొండ నుంచి పోను నూరు కిలోమీటర్లు, రాను నూరు. తిరుగు తొవ్వల నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగేసరికి చీకటి పడుతది. ఆ లోపల బండి ముందు భాగంల వస్తున్న చప్పుడు ఏందో తేల్చాలె. ఈ సెలవులకు నేను పెట్టుకున్న పని ఇదొక్కటే.

బండి 2013 మోడల్ డీజిల్ కారు. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ తిప్పర్తి దిక్కు బడికి పోయివస్తది.

చప్పుడు వచ్చేది బెల్టు దగ్గర. మా దిక్కు అందరూ దీన్ని ఫ్యాన్ బెల్టు అనే అంటరు. ఫ్యాను కరెంటు మోటారుతో తిరగబట్టి ఏండ్లయింది, పేరు మాత్రం అట్లనే ఉండిపోయింది. మా బండిల ఈ ఒక్క బెల్టే ఇంజనుతోని తిరిగే క్రాంకు పుల్లీ నుంచి బలం తీసుకొని, ఇంజనును చల్లబరిచే నీళ్లు తిప్పే వాటర్ పంపును, బ్యాటరీ ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను తిప్పుతది. నడుమ బెల్టుకు దారి చూపే ఉత్త పుల్లీ ఒకటి ఉంటది, దాన్ని ఐడ్లర్ అంటరు. స్ప్రింగు బలంతో బెల్టును బిగువుగ పట్టుకునేది టెన్షనర్. బెల్టు తెగితే ఛార్జింగు ఆగుతది, దానితోని కొంత దూరం పోవచ్చు. వాటర్ పంపు ఆగితే మాత్రం పోలేం. కొన్ని నిమిషాల్లనే ఇంజను కాగి, ఇంజను హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయే దాకా వస్తది. రాత్రి పూట, పక్కన అమ్మ ఉండంగ, హైవే మీద అది జరగొద్దు.

ఎనిమిది నెలల్ల రెండు బెల్టులు మార్చిన. మార్చిన ప్రతిసారీ పది పదిహేను రోజులు నిమ్మళం, మళ్ల మొదలు. రెండోసారి మార్చినప్పుడు బెల్టు మీద ఏదో జిగట స్ప్రే కూడ కొట్టిండ్రు. నెల తిరగకముందే దానికి దుమ్ము పట్టి బెల్టు నల్లగ తారు పూసినట్టు అయింది. మూడో బెల్టు కొనే ముందు చప్పుడు ఎందుకు వస్తున్నదో తెలుసుకోవాలె.

అటుకుల బతుకమ్మ

ఈ రోజు పానా ముట్టలేదు. వినుడే పని.

గడియారం సెంటర్‌కు పోయే తొవ్వల లేతు పని చేసే చాచా ఉన్నడు. చిన్నప్పటి నుంచి ఎరుకే. నిన్న సాయంత్రం ఆయనతోని చెప్తే, "పహలే సున్ బేటా, బాద్ మే ఖోల్" అన్నడు. ముందు విను, తరువాత విప్పు. ఆ మాట పట్టుకొని నోటుబుక్కు ముందర పెట్టుకున్న.

పొద్దుగాల ఆరు గంటలకు మంచు పడి బానెట్ తడిగ ఉన్నది. సెల్ఫ్ కొట్టంగనే "కీఁ..." అని ఆరు సెకన్లు సాగిన కూత, తరువాత బంద్. పది నిమిషాలకు ఇంజను వేడెక్కినంక ఐడ్లింగ్‌ల, అంటే రేస్ ఇయ్యకుండ ఇంజను ఉత్తగ తిరిగేటప్పుడు, పిచ్చుక పిల్ల అరిచినట్టు "చిక్ చిక్ చిక్". రేస్ ఇస్తే అది తొందర తొందరగ వచ్చి, ఇంజను మోతల కలిసిపోతది. ఈ రెండింటి కింద ఇంకొకటి, చెవి పెట్టి వింటేనే తెలిసే "గుర్ర్" అనే గరుకు చప్పుడు. వేడి, చల్లదనంతో దానికి సంబంధం లేదు. రేస్ పెరిగినకొద్దీ పెరుగుతది.

ఎనిమిది నెలలు ఈ మూడింటినీ ఒక్కటే అనుకున్న. నోటుబుక్కుల మూడు వరుసలు గీసినంకనే తెలిసింది, వచ్చే వేళలు వేరు, తీరు వేరు. మూడు చప్పుళ్లకు మూడు కారణాలు ఉండొచ్చు.

మా పానగల్లు ఛాయా సోమేశ్వర గుడిల గోడ మీద పగలంతా కదలకుండ నిలబడే నీడ ఉంటది. చూసినోళ్లంతా ఎదురుంగ ఉన్న స్తంభం నీడ అనుకుంటరు. చుట్టూ ఉన్న స్తంభాల సందుల నుంచి వచ్చే వెలుతురు కలిసి ఆ నీడను నిలబెడుతది. పిల్లలకు వెలుతురు పాఠం చెప్పేటప్పుడు ఏటేటా ఈ ముచ్చట చెప్తనే ఉంట, నా బండి దగ్గరికి వచ్చేసరికి ఒక్క స్తంభాన్నే చూస్తూ కూసున్న.

మధ్యాహ్నం పొడుగు స్క్రూడ్రైవర్ కొనను ఒక్కొక్క పుల్లీ నడిమి బోల్టుకు, ఆల్టర్నేటర్ ఒంటికి, వాటర్ పంపు ఒంటికి ఆనిచ్చి, పిడిని చెవికి పెట్టుకొని విన్న. ఐడ్లర్ బోల్టు దగ్గర ఇసుక నమిలినట్టు గరగర. మిగిలిన చోట్ల మెత్తని గాలి చప్పుడే. ఇట్ల వినేటప్పుడు కదిలే బెల్టుకు స్క్రూడ్రైవర్ తగలొద్దు. మెడల కండువా, చేతికి నవరాత్రి దారం ఉంటే తీసి పక్కన పెట్టాలె. నేను రెండూ తీసి ఇంట్ల పెట్టి వచ్చిన.

సాయంత్రం బెల్టు వీపు మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి, ఫోన్ల నెమ్మదిగ తిరిగే వీడియో తీసిన. క్రాంకు పుల్లీ అడ్డం 13 సెంటీమీటర్లు, ఐడ్లింగ్ నిమిషానికి 800 చుట్లు. లెక్క కడితే బెల్టు సెకనుకు ఐదుసార్లు చుట్టు తిరుగుతున్నది. "చిక్" అనేది చుట్టుకు ఒక్కసారే వస్తే బెల్టుల ఒక్కచోట దెబ్బ ఉన్నట్టు, గాడిల రాయి ఇరికినట్టు. ఒక్క చుట్టుల రెండు మూడుసార్లు, ఒక వరుస లేకుండ వచ్చింది. అంటే బెల్టు మీద ఒక్క చోటును పట్టుకొని వస్తున్న చప్పుడు కాదు.

ముద్దపప్పు బతుకమ్మ

నీళ్ల పరీక్ష. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాల ఫిల్టర్ నీళ్లు పోసిన. మా బోరు నీళ్లు వద్దనుకున్న. నల్లగొండ బోరు నీళ్లు ఫ్లోరైడ్‌తో మనుషుల ఎముకలను ఏం చేసినయో ఈ జిల్లాల పుట్టినోళ్లకు చెప్పే పని లేదు. ఇంజన్లకు చేసేది వేరే బాధ. ఆ నీళ్లల్ల ఉండే సున్నపు ఉప్పు ఎక్కడ ఎండితే అక్కడ తెల్లగ పేరుకుంటది. ఐదేండ్ల కింద ఒక ఎండకాలం రేడియేటర్‌ల అవే నీళ్లు పోసిన తప్పు నాది. అందుకే ఈసారి వాటర్ పంపు మీద నాకు మొదటి నుంచి అనుమానం.

ఇంజను నడుస్తుండంగ బెల్టు గాళ్లున్న దిక్కు కొద్దిగ నీళ్లు కొట్టాలె. చప్పుడు కొద్ది సెకన్లు పోయి మళ్ల వస్తే పుల్లీలు ఒక్క వరుసల లేవని అర్థం. నీళ్లు పడంగనే చప్పుడు ఇంకా పెద్దగైతే బెల్టు జారుతున్నది, బిగువు చాలుతలేదు. ఏ మార్పూ లేకుంటే బెల్టును వదిలి బేరింగుల దిక్కు చూడాలె.

వేడి ఇంజను మీద కొట్టిన. "చిక్ చిక్" టక్కున ఆగింది. ఏడెనిమిది సెకన్లు, మళ్ల వచ్చింది. ఐదుసార్లు చేసి చూసిన, ఐదుసార్లూ అంతే. "గుర్ర్" మాత్రం ఏం మారలేదు. తరువాత హెడ్‌లైట్లు, ఏసీ, వెనుక అద్దం హీటరు అన్నీ వేసి ఆల్టర్నేటర్ మీద భారం పెంచి కొట్టిన. పొద్దుటి "కీఁ..." మిట్టమధ్యాహ్నం లేచింది.

మా బామ్మర్ది పక్కన నిలబడి చూస్తున్నడు. "బావా, మరి మూడూ నిజమేనా?" అన్నడు. మూడూ నిజమే. ఒక చోట వరుస తప్పింది, ఒక చోట బేరింగు ఎండింది, బిగువు కూడ చాలుతలేదు.

నానబియ్యం బతుకమ్మ

బెల్టు విప్పిన. విప్పేముందు అది ఏ పుల్లీ మీద నుంచి ఏ పుల్లీ కిందికి పోతున్నదో కాగితం మీద గీసుకున్న, ఫోటో కూడ తీసిన. టెన్షనర్ చేతిని 15 నంబరు పానాతో తిప్పి పట్టుకుంటే బెల్టు వదులైతది.

బెల్టు లేకుండ ఇరవై సెకన్లు ఇంజను నడిపిన. అంతకంటె ఎక్కువ నడపొద్దు, నీళ్లు తిరగవు. బ్యాటరీ లైటు ఎర్రగ వెలిగింది, మూడు చప్పుళ్లూ పోయినయి. దోషం బెల్టు తిరిగే ఈ దారిలనే ఉన్నది, ఇంజను లోపల కాదు. ఇది తేలినంక మనసు చాన నిమ్మళమైంది.

ఇగ ఒక్కొక్క పుల్లీ చేతితో తిప్పి చూసిన. వాటర్ పంపు వెన్నలెక్క తిరిగింది, అటు ఇటు ఊపితే ఆట లేదు. పంపు పాడైతే నీళ్లు కారే కింది రంధ్రం దగ్గర తడి లేదు, తెల్లటి మరక కూడ లేదు. నా అనుమానం తప్పు. కంప్రెసర్ పుల్లీ మంచిగ ఉన్నది. ఆల్టర్నేటర్ కూడ మంచిగనే తిరిగింది. కొన్ని డీజిల్ బండ్ల ఆల్టర్నేటర్‌కు ఒక్క దిక్కే తిరిగే క్లచ్ పుల్లీ ఉంటది, అది పట్టేసినా చప్పుడు వస్తది. మాది మామూలు గట్టి పుల్లీ.

ఐడ్లర్‌ను వేలితో ఒక్క తోపు తోసిన. మంచి బేరింగుల గ్రీజు ఉంటది కాబట్టి రెండు మూడు చుట్లు బరువుగ తిరిగి ఆగాలె. ఇది ఖాళీ డబ్బాల గింజలు వేసినట్టు గలగలమని పదిహేను చుట్లు తిరిగింది. ఎంత తేలికగ తిరిగితే అంత మంచిదని చాన మంది అనుకుంటరు. ఐడ్లర్ దగ్గర అది తప్పు, అంత తేలికగ తిరిగిందంటే లోపల గ్రీజు లేనట్టే. బేరింగు అంచు చుట్టూ ఇటుక పొడి రంగుల సన్నని తుప్పు దుమ్ము. గోటితో గీకితే వేలికి అంటింది.

బెల్టును బల్ల మీద పరిచిన. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం రబ్బరువి. పాత నియోప్రీన్ బెల్టు ముసలిదైతే అడ్డంగ పగుళ్లు వచ్చేవి, కంటికి తెలిసేది. ఈ రబ్బరు అంత తొందరగ పగలదు, టైరు లెక్క అరుగుతది. గాడి అరిగి వెడల్పయితే బెల్టు పుల్లీల లోతుగ కూసుంటది, పక్కల పట్టు పోయి జారుతది. అందుకే "పగుళ్లు లేవు, బెల్టు మంచిగనే ఉన్నది" అనే మాట ఇప్పుడు నడవది. మా బెల్టు కొత్తదే కాబట్టి గాళ్లు అరగలేదు. కాని ఒక్క అంచు, ఇంజనుకు దూరంగ ఉండే అంచు, అద్దం లెక్క మెరుస్తున్నది. అక్కడక్కడ దారం పోగులు లేచినయి. రెండో అంచు మొద్దుగ, మామూలుగ ఉన్నది.

వీపు మీద అచ్చు చదివిన. 6పీకే 1065. ఆరు అంటే గాళ్ల గట్లు ఆరు, పీకే అంటే ఆ గట్ల కొలత, చివరి అంకె మిల్లీమీటర్లల్ల పొడవు. స్పేర్ పార్టుల షాపుకు ఫోను చేసి ఛాసిస్ నంబరు చెప్పిన. ఈ బండికి 1040 అన్నరు. రెండుసార్లూ నాకు 25 మిల్లీమీటర్లు పొడుగు బెల్టు వేసిండ్రు. వచ్చి చూస్తే టెన్షనర్ మీద బిగువు చూపే ముల్లు, ఉండాల్సిన గీతలు దాటి చివరికి పోయిన జాడ కనబడుతనే ఉన్నది. స్ప్రింగు చేయి ఆఖరుకు ఆనినంక బెల్టును ఇంకా నొక్కలేదు. సెల్ఫ్ కొట్టినంక బ్యాటరీ నింపేటందుకు ఆల్టర్నేటర్ మీద భారం ఎక్కువ పడేది పొద్దుగాలనే, పైన మంచు తడి. "కీఁ..." ఎక్కడి నుంచి వచ్చిందో తేలింది.

అట్ల బతుకమ్మ

ఐడ్లర్ బేరింగు 6203. లోపలి అడ్డం 17, బయటి అడ్డం 40, మందం 12 మిల్లీమీటర్లు. చిన్న మోటార్లల్ల కూడ ఇదే పడుతది కాబట్టి నల్లగొండల దొరకకపోవుడు ఉండదు. ఇనుప మూత ఉన్న రకం వద్దని, రెండు దిక్కులా రబ్బరు సీలు ఉన్నది అడిగి తెచ్చిన. మా తొవ్వల వడ్ల లారీల దుమ్ము తక్కువ కాదు.

చాచా పుల్లీల బేరింగు జారకుండ పట్టే సర్‌క్లిప్ తీసి, పాతది నెట్టి, కొత్తది ప్రెస్సు మీద ఎక్కించిండు. బయటి రింగు మీదనే నొక్కాలె. లోపలి రింగు మీద నొక్కితే ఆ బలమంతా గోళీల మీద పడి, గోళీలు తిరిగే దారిల గుంటలు పడుతయి, కొత్త బేరింగు కూడ నెలకే మొరుగుతది. సరిపోయే ఇనుప గొట్టం ముక్క వెతికేటందుకే చాచాకు పావుగంట పట్టింది. తొందర పెట్టలేదు. పైసలు ఇస్తే సగమే తీసుకున్నడు.

అలిగిన బతుకమ్మ

ఈ రోజు బతుకమ్మ ఆడరు. ఇంట్ల పూల పని లేదు కాబట్టి పొద్దంతా బండి దగ్గరనే ఉన్న. డైరీ మొత్తంల ముఖ్యమైన రోజు ఇదే.

ఐడ్లర్ బిగించినంక స్టీలు స్కేలు తీసి క్రాంకు పుల్లీ ముఖానికి ఆనిచ్చి, కంప్రెసర్ పుల్లీ దాకా పెట్టిన. రెండూ ఒక్క వరుస, సందులకు కాగితం కూడ పోలేదు. వాటర్ పంపు కూడ అంతే. ఆల్టర్నేటర్ దిక్కు తిప్పితే స్కేలు దాని పుల్లీ అంచుకు తగిలి లేచింది. ఆల్టర్నేటర్ పుల్లీ ముందుకు వచ్చి ఉన్నది. మెరిసిన అంచుకు కారణం దొరికింది.

బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టి, ఆల్టర్నేటర్ కింది బోల్టు వదులు చేసిన. టార్చి వేసి చూస్తే బోల్టు దూరే ముందటి చెవికీ ఇంజను బ్రాకెట్‌కూ నడుమ ఒక వాషర్. ఒక ముఖం తుప్పు రంగు, ఒక ముఖం తళతళ. మిగిలిన ఏ బోల్టుకూ అసొంటి వాషర్ లేదు.

ఎనిమిది నెలల కింద ఆల్టర్నేటర్ బేరింగులు పోతే ఒక షాపుల విప్పి బాగు చేయించిన. చప్పుళ్లు ఆ తరువాతనే మొదలైనయి. నోటుబుక్కుల తారీకులు చూస్తే రెండు వారాల తేడా. ఆల్టర్నేటర్ వెనుక చెవిల జరిగే ఇనుప బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, ఉంటది. బోల్టు బిగిస్తే ఆ బుష్ జరిగి వచ్చి బ్రాకెట్‌ను పట్టుకోవాలె. తిరిగి బిగించేటప్పుడు దాన్ని ఎక్కువ వెనుకకు కొట్టి ఉంటరు, ముందు సందు కనబడ్డది, బుష్ జరిగేదాకా బిగించకుండ సందును వాషర్‌తోని నింపిండ్రు. నాకు కోపం వచ్చింది. ఆ రోజు ఒక్క నిమిషం స్కేలు పెట్టి చూస్తే రెండు బెల్టుల ఖర్చు, ఎనిమిది నెలల భయం తప్పేవి.

బడి ల్యాబు వెర్నియర్‌తో కొలిచిన. వాషర్ మందం 2.1 మిల్లీమీటర్లు. క్రాంకు పుల్లీకీ ఆల్టర్నేటర్‌కూ నడుమ దూరం 24 సెంటీమీటర్లు. లెక్క కడితే వంకర అర డిగ్రీ. కంటికి ఆనదు. బెల్టు మాత్రం ప్రతి చుట్టుకూ ఆ అర డిగ్రీ వంకరతోనే గాడిలకు దిగాలె, దిగేటప్పుడు గట్టు పక్కకు రాసుకోవాలె. ఆ రాపిడే "చిక్". కొత్త బెల్టు గట్లు మెరుపెక్కేదాకా పదిహేను రోజులు ఊకుంటది, తరువాత అరుస్తది.

వాషర్ తీసి, బుష్‌ను కొంచెం కొంచెం జరిగేటట్టు బోల్టు బిగించిన. మళ్ల స్కేలు. నాలుగు పుల్లీలకు ఒక్క వరుస. కాగితం పెట్టి చూసిన, ఎక్కడా దూరలేదు. చీకటి పడ్డది తెలవలేదు, అమ్మ వచ్చి "బువ్వ తిని చెయ్యరాదు నాయినా" అంటే లేచిన.

వేపకాయల బతుకమ్మ

పుల్లీల గాళ్లల్ల పాత స్ప్రే జిగట గట్టిగ అంటుకొని ఉన్నది. పెట్రోలు వాడలేదు, దాని తడి రబ్బరుకు మంచిది కాదు. పాత పండ్ల బ్రష్షు, సబ్బు నీళ్లు, పొడి గుడ్డ. ఒక్కొక్క గాడికి ఒక్కొక్కటిగ గంటన్నర పట్టింది.

1040 బెల్టు గీసుకున్న దారి ప్రకారం ఎక్కించిన. స్టార్ట్ చేసే ముందు టార్చి వేసి ప్రతి పుల్లీ చూసిన. ఆల్టర్నేటర్ దగ్గర బెల్టు ఒక గాడి పక్కకు కూసున్నది, ఆరు గట్లల్ల ఒకటి బయట గాలిల ఉన్నది. అట్లనే స్టార్ట్ చేసి ఉంటే నిమిషంల అంచు చీలిపోయేది. మళ్ల వదులు చేసి సరిగ కూసోబెట్టి, క్రాంకును పానాతో రెండు చుట్లు చేతితోనే తిప్పి, మళ్ల చూసినంకనే తాళం తిప్పిన.

చప్పుడు లేదు. టెన్షనర్ ముల్లు గీతల నడుమ నిలబడ్డది. నీళ్లు కొట్టిన, ఏం రాలేదు. అన్ని లైట్లు, ఏసీ వేసి మళ్ల కొట్టిన, ఏం రాలేదు. స్క్రూడ్రైవర్ ఐడ్లర్‌కు ఆనిచ్చి విన్న. మెత్తని గాలి చప్పుడు.

వెన్నముద్దల బతుకమ్మ

పొద్దుగాల ఆరు, మంచు. కూత లేదు.

సద్దుల బతుకమ్మ

తంగేడు పూల కోసం కనగల్ దిక్కు పోయివచ్చినం. అద్దాలు దించి నడిపిన. గోడల పక్క నుంచి పోయేటప్పుడు చప్పుడు తిరిగి చెవికి కొడుతది కాబట్టి ఊర్ల సందులల్ల కావాలనే నెమ్మదిగ పోయిన. గునుగు, తంగేడు, బంతి వెనుక సీటు నిండ. రాత్రి పానగల్లు చెరువు దగ్గర బతుకమ్మలు నీళ్లల్ల వదిలేదాకా ఉన్నం.

దసరా దాటిన నాలుగో రోజు

పండుగ నాడు బండి కడిగి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించినం. ఈ డైరీ ఆఖరు మాట మాత్రం హైదరాబాద్ పోయివచ్చినంకనే రాయాలని ఆగిన. పొద్దుగాల ఐదున్నరకు బయలెల్లి రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చినం. అమ్మ కన్ను మంచిగనే ఉన్నదన్నరు. వచ్చేటప్పుడు చిట్యాల దాకా వాన. టెంపరేచర్ ముల్లు నడుమ నుంచి కదలలేదు.

ఇంజను చల్లారినంక బానెట్ ఎత్తి చూసిన. బ్రాకెట్ మీద రబ్బరు పొడి లేదు. బెల్టు రెండు అంచులూ ఒక్క తీరుగ మొద్దుగ ఉన్నయి. తెల్ల స్టిక్కరు మీద మార్కరుతో రాసి, బానెట్ లోపలి దిక్కు, విప్పినోళ్లకు ముందు కనబడే చోట అంటిపెట్టిన:

"బెల్టు 6పీకే 1040. ఐడ్లర్ బేరింగు 6203, రెండు దిక్కులా రబ్బరు సీలు. బెల్టు మీద ఏ స్ప్రే కొట్టొద్దు. ఆల్టర్నేటర్ విప్పితే ముందటి చెవి దగ్గర వాషర్ వేయొద్దు, బుష్ జరిగేదాకా బోల్టు బిగించి స్కేలు పెట్టి చూడాలె."